గ్లాసులో ఎనిమిది పెన్నులు

న్యాన్ టీచర్ వంటింటి కిటికీలో ఒక గాజు గ్లాసు ఉంటుంది. అందులో ఎనిమిది ఫౌంటెన్ పెన్నులు, ఎనిమిదింటి కడుపులోనూ ఇంకు. ఆ ఇంట్లో మొగుడూ పెళ్లాలకి దేనిమీద మాట పెరిగినా, చేపల పులుసులో ఉప్పు మీద పెరిగినా సరే, తిరిగి తిరిగి ఆ గ్లాసు దగ్గరికే వచ్చి ఆగుతుంది.

"రాసే చెయ్యి ఒకటి. పెన్నులు ఎనిమిది. మిగతా ఏడింటినీ ఎవరికోసం మేపుతున్నావే?" అంటాడు కియెం. ఆయన వీధి మొదట్లో మోటారు సైకిళ్లు బాగుచేస్తాడు. ఆయనకున్నది ఒకే ఒక్క బాల్ పెన్ను, అది కూడా జేబులో కాదు, చెవి మీద ఉంటుంది.

"నీ షాపులో పానాలు ఎన్ని ఉన్నాయి?"

"పానాలు ఎండిపోవు. పొద్దున్నే లేచి వాటికి స్నానాలు చేయించక్కర్లేదు నేను."

"చేయిస్తే బాగుండు. నీలాగే జిడ్డోడుతున్నాయి."

అడిగినవాళ్లకి ఆమె దగ్గర జవాబు లేకపోలేదు. నాలుగు పెన్నులు ఊదా ఇంకువి. బడిలో పిల్లలు రాసేది ఊదా ఇంకుతోనే. సాయంత్రం ఇంటికి మోసుకొచ్చిన ప్రతి నోటుపుస్తకంలోనూ పేజీ పైన ఒక వరస తను రాసి పెట్టాలి, దాన్ని చూసి కింద పిల్లలు దిద్దుతారు. మధ్యలో ఇంకు అయిపోయి నింపడానికి లేచిందంటే చెయ్యి లయ తప్పుతుంది, ఆ తర్వాత పుస్తకాల్లో అక్షరాలు వేరే మనిషి రాసినట్టుంటాయి. అందుకని ఒకటి అయిపోగానే ఇంకొకటి అందుకుంటుంది. రెండు ఎరుపు ఇంకువి, తప్పులు దిద్దడానికి. ఒకటి నీలం, హాజరుపట్టీకి. ఎనిమిదోది దేనికని అడిగితే మాత్రం "ఉండనీ" అంటుంది. ఆ "ఉండనీ" దగ్గరే కియెంకి ఒళ్లు మండుతుంది.

వాళ్ల భాషలో న్యాన్ అంటే తీరిక. పేరు పెట్టినవాళ్లు ఎంత ఆశపడ్డారో గానీ, ఆ పేరు తప్ప తీరికన్నది ఆమె దగ్గర ఎక్కడా కనపడదు. పొద్దున బియ్యం పొయ్యి మీద పెట్టి గ్లాసు ముందేసుకుంటుంది. ఒక్కో పెన్నూ మూత తీసి, చిత్తుకాగితం మీద సున్నాలు చుట్టి, పాళీ తుడిచి, మళ్లీ మూత పెడుతుంది. ఒకటి బద్ధకిస్తే వేన్నీళ్లలో ముంచుతుంది. ఇంకొకటి కారితే విప్పి కడుగుతుంది. ఆదివారం వచ్చిందంటే అన్నిటికీ తలంటే. వంటింటి తొట్టి ఎప్పటికీ వదలని ఊదా రంగు పట్టేసింది.

ఈ చాకిరీ అంతా చేసేది ఎడమ చెయ్యి. కుడి చెయ్యి రాస్తుంది, అంతే. అది దొరగారు. ఎడమ చెయ్యి తుడుస్తుంది, కడుగుతుంది, నింపుతుంది, ఇంకుబుడ్డి మూత బిగిస్తుంది. పని దొరక్కపోతే బల్ల మీద దరువేస్తుంది, గుండీలు తిప్పుతుంది, బస్సులో పక్కవాళ్ల గొడుగు పిడి కూడా తిప్పుతుంది. ఎన్నోసార్లు మాటలు పడింది. మనిషి కూర్చున్నా ఆ చెయ్యి కూర్చోదు.

వాళ్లుండే హుయే ఊళ్లో ఒకటో తరగతి పిల్లలు కొత్త సంవత్సరం పండగ తేత్ దాకా పెన్సిలు పడతారు. సెలవులయ్యాక పెన్ను. ఆ వారం న్యాన్ తరగతి గదిని చూడాలి. ముక్కుల మీద ఊదా, చెవుల మీద ఊదా, పక్కపిల్ల జడ కొసలో ఊదా. బయట వాన. ఆ ఊళ్లో వాన వచ్చిందంటే చుట్టంలా తిష్ట వేస్తుంది. ఆ తేమకి కాగితం మెత్తబడి, ఇంకు ఎక్కడ పడితే అక్కడికి పాకుతుంది. అయినా పిల్లలు వారం తిరిగేసరికి దారిలో పడతారు. ఈ ఏడూ పడ్డారు, మియెన్ తప్ప.

మియెన్‌కి పై పళ్లు రెండూ ఊడిపోయాయి. బక్క పిల్ల, మాట తక్కువ. పెన్సిలుతో రాసినన్నాళ్లూ తరగతి మొత్తానికి ఆ పిల్ల రాతే రాత. నెత్తిన టోపీలూ కింద చుక్కలూ ఉన్న అక్షరాలన్నిటినీ కుదురుగా నిలబెట్టేది. కాకపోతే ఎడమ చేత్తో.

ఇప్పుడు న్యాన్ టీచర్ సంగతి చెప్పాలి. ముప్పై ఏళ్లలో ఆమె తరగతిలోంచి పుర్రచేతి పిల్ల ఒక్కతీ పుర్రచేతితో బయటికి పోలేదు. ఆమె కొట్టదు, కసరదు. ఎడమ చేతిలోంచి పెన్సిలు తీసి కుడి చేతిలో పెడుతుంది. పిల్ల మారిస్తే మళ్లీ తీసి పెడుతుంది. ఎన్నిసార్లయినా అదే నవ్వుముఖం. పిల్లలే విసిగి లొంగిపోతారు. ఆ పేరు విని ఎక్కడెక్కడివాళ్లో వచ్చి ఆమె తరగతిలోనే చేర్పించమని బతిమాలేవారు.

అలాంటిది మియెన్ దగ్గర ఆమెకి చేతులు రాలేదు. పిల్ల రాసేటప్పుడు నాలుక కొస బయటపెట్టి పక్కకి మడుస్తుంది. అది చూసి న్యాన్ చెయ్యి చాచబోయి ఆగిపోయేది. చూస్తే మార్చాలి కదా, అందుకని బోర్డు వైపు తిరిగిపోయేది. పెన్ను వచ్చాక అదే దారిలోకి వస్తుందిలే అని సర్దిచెప్పుకుంది.

పెన్ను వచ్చింది గానీ దారి రాలేదు. ఆ పాళీలన్నీ కుడి చేతికని అరగదీసినవి. కిందికి లాగితే లావు గీత, పైకి తీస్తే సన్న గీత. ఎడమ చేత్తో పట్టుకుంటే లాగడం ఉండదు, అంతా తొయ్యడమే. పాళీ కాగితంలో గుచ్చుకుంటుంది. రాసింది రాసినట్టు వెనకే వచ్చే అరచెయ్యి అలికేస్తుంది. మియెన్ పేజీ మొదటి రోజు ఒక పెద్ద ఊదా మరక, మధ్యలో చిరుగు. రెండో రోజూ అంతే. కుడి చేత్తో పట్టుకుంటే అక్షరం కాదు, వానపాము వచ్చింది. పిల్ల ఏడవలేదు. ఊరికే పేజీ వైపు చూస్తూ కూర్చుంది.

ఆ పిల్లని పెంచుతున్నది వాళ్ల మామ్మ. ల్యూ మామ్మ సందు చివర, నదిలో ఏరిన గుల్లల మాంసం కలిపిన అన్నం అమ్ముతుంది. ఆవిడ కారం తిని కళ్లనీళ్లు పెట్టుకోనివాడు ఆ పేటలో లేడు, ఆవిడ నోటికి జడవనివాడూ లేడు. గురువారం బడి వదిలే వేళ వానలో తడుస్తూ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఏం టీచరమ్మా! నీ చేతిలో పెడితే చాలు, అదే మారిపోద్దన్నారు. ఇంకా అట్టానే ఉందేంటి?"

"చిన్న పిల్ల మామ్మా. తొందరేముంది?"

"తొందర లేదా? అన్నం పళ్లెం చుట్టూ నలుగురం కూచుంటే దీని మోచెయ్యి పక్కోడి డొక్కలో ఉంటది. రేపు పరాయింట్లో అట్టా పొడిస్తే ఎవరినంటారు, దీన్నా? పెంచిన నన్నంటారు."

"నేను చూస్తాను మామ్మా."

"నువ్వు పండగ ముందు నుంచీ చూస్తానే ఉన్నావు. ఇంట్లో నేను ఆ చెయ్యి కట్టేస్తన్నా." ఆవిడ నడుం దగ్గర దోపుకున్న గళ్లగుడ్డ తీసి చూపించింది. "రెండు రోజులు చూస్తా. సోమవారం నుంచి బడికి కూడా అట్టాగే కట్టి పంపిస్తా. మనవరాలి మంచి కోరేది నేనే గదా!"

న్యాన్ ఎడమ చెయ్యి అప్పటికే సుద్దముక్కని రెండు ముక్కలు చేసి, ఆ రెండింటినీ నాలుగు చేస్తోంది.

ఆ రాత్రి ఆమెకి నిద్ర పట్టలేదని చెప్పక్కర్లేదు. కళ్లు మూస్తే ఒక చొక్కా కనిపిస్తోంది. తల్లి పోయాక ఆమెని పెంచిన పిన్ని, ఆమెకి ఆరేళ్లప్పుడు, ఒక చలికాలమంతా ఆమె చొక్కా ఎడమ చేతి మూతి కుట్టేసి తొడిగేది. పిన్ని మంచిది. చేపలో ముల్లు తీసి నోట్లో పెట్టేది. కుట్టు కూడా ఎంతో నేర్పుగా, చిన్న చిన్న పోగులతో వేసేది, పిల్ల చర్మానికి గుచ్చుకోకూడదని. లోపల ఆ చెయ్యి కాసేపు గుడ్డని పీకేది, కాసేపు గోళ్లతో గీకేది. చలికాలం అయిపోయేసరికి కుడి చెయ్యి రాయడం నేర్చుకుంది. తర్వాత బడి మొత్తానికీ మొదటి బహుమతి కూడా తెచ్చింది. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. కియెంకి కూడా. చెప్పేంత సంగతి అనుకోలేదు.

శుక్రవారం తెల్లవారుతూనే ఆమె మొగుడి షాపులోంచి అన్నిటికంటే సన్నని గరుకు కాగితం ముక్క పట్టుకొచ్చి, గ్లాసులోంచి ఎనిమిదో పెన్ను తీసింది. పాళీ మూలలు గుండ్రంగా, ఎటు తోసినా గుచ్చుకోకుండా అరగదీసింది. తర్వాత కాగితం మీద రాసి చూసింది. వెన్నలా జారింది. సంతోషంతో తడి గొడుగు కూడా మరిచిపోయి బడికి పరిగెత్తింది.

"మియెన్, ఇది నీకు. రాయమ్మా. నీకు ఎలా బాగుంటే అలా పట్టుకో."

పిల్ల నమ్మలేనట్టు చూసి, ఎడమ చేతిలోకి తీసుకుంది. నాలుక కొస బయటికొచ్చింది. మొదటి గీతకే పాళీ కాగితంలో దిగబడి, తన్నుకుని, రెండు వరసల మీదా ఇంకు చిమ్మింది. పక్క బల్ల పిల్లాడు "అయ్యబాబోయ్, మళ్లీ చిరిగింది టీచర్!" అని అరిచాడు.

మియెన్ పెన్ను జాగ్రత్తగా మూత పెట్టి బల్ల మీద ఉంచింది. తర్వాత తన ఎడమ చెయ్యి తొడ కింద పెట్టుకుని, దాని మీద కూర్చుంది. ఎవరూ చెప్పలేదు. తనంతట తనే.

న్యాన్‌కి అప్పుడు వచ్చిన దుఃఖం ఇంతా అంతా కాదు. ముప్పై ఏళ్లుగా నవ్వుముఖంతో తాను చేసింది ఇదేనా అని. ఎంతమంది పిల్లలు తన ఎదురుగా కూర్చుని, లోపల ఇలా చేతుల మీద కూర్చున్నారో! ఆ పూట పాఠం ఏం చెప్పిందో ఆమెకే తెలీదు.

శనివారం మధ్యాహ్నం వాన మరీ ఎక్కువైంది. కియెం షాపు రేకు దించి ఇంటికి వచ్చేసరికి వంటింటి బల్ల మీద చిత్తుకాగితాలు పరిచి ఉన్నాయి. న్యాన్ బడి నుంచి వెనక్కి తెచ్చిన ఎనిమిదో పెన్ను పాళీ మళ్లీ అరగదీస్తోంది, రాస్తోంది, మళ్లీ అరగదీస్తోంది.

"బాగానే రాస్తోందిగా," అన్నాడు ఆమె భుజం మీంచి చూసి.

"అదే నాకూ అర్థం కావడం లేదు. నా చేతిలో బాగానే ఉంది. దాని చేతిలో..." ఆమె ఆగిపోయింది.

కుడి చేతిలో ఉన్న పెన్ను వైపు చూసింది. ఇంతసేపూ, నిన్నా ఇవాళా, ఎడమ చేతి పెన్నుని కుడి చేత్తో రాసి చూసుకుంటోంది! ముప్పై ఏళ్లుగా వేల పాళీలు చూసిన మనిషి. తనని తనే ఒక మాట అనుకుంది, ఆ మాట ఇక్కడ రాయకూడదు. మరి ఇంకో చెయ్యి లేదా? ఉంది. అప్పుడు కూడా అది ఊరికే లేదు, ఇంకుబుడ్డి మూత విప్పుతోంది, బిగిస్తోంది.

బుడ్డి పక్కన పెట్టి, పెన్ను ఎడమ చేతిలోకి మార్చుకుంది. భయం వేసింది. వంటింట్లో, మొగుడి ముందు, ఇంత వయసులో, పిన్ని వస్తుందేమోనని భయం. కాగితం మీద పెట్టగానే పాళీ గుచ్చుకుంది. ఎక్కడ గుచ్చుకుంటుందో ఇప్పుడు తెలిసింది, ఎడమ మూల. అక్కడ అరగదీసింది. మళ్లీ పెట్టింది. ఈసారి ఆ చెయ్యే, అడక్కుండా, కాగితాన్ని కుడివైపుకి వంచుకుంది. అరచెయ్యి గీత కిందికి దిగింది. తడి అక్షరాల జోలికి పోలేదు. ఎప్పుడు నేర్చుకుందో, ఇన్నాళ్లు ఎక్కడ దాచుకుందో!

ఒక వరస రాసింది. కియెం వంగి చూశాడు.

పెద్ద పెద్ద అక్షరాలు. వంకర పొట్టలు. టోపీ ఒకచోట, తల ఒకచోట. అచ్చంగా ఆరేళ్ల పిల్ల రాత. చొక్కా చెయ్యి కుట్టేసిన రోజున ఆ చెయ్యి ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే మళ్లీ మొదలుపెట్టింది. న్యాన్ ఏడ్చింది. ఏడుస్తూనే రెండో వరస రాసింది. మధ్యలో నవ్వొచ్చింది కూడా, అంత దరిద్రంగా ఉంది రాత.

"నువ్వు పుర్రచేతిదానివా?" అన్నాడు కియెం.

"ఊఁ."

"ఇన్నేళ్ల కాపురంలో ఒక్కసారైనా చెప్పావటే?"

"నువ్వడిగావా?"

"అడగడానికేముంది! గిన్నెలు తోమేది అది, సూదిలో దారం ఎక్కించేది అది, నన్ను గిల్లేదీ అదే. కుడి చెయ్యి ఒక్కనాడైనా నన్ను గిల్లిందా? నాకెప్పుడో అనుమానం." ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. చెవి మీద బాల్ పెన్ను సర్దుకున్నాడు. "రాయి. నేను అన్నం వండుతాలే."

సోమవారం జెండా వందనం అయ్యాక పిల్లలు తడి రెయిన్‌కోట్లు విప్పి కొక్కేలకి తగిలిస్తున్నారు. మియెన్ విప్పలేదు. న్యాన్ దగ్గరికెళ్లి గుండీలు తీసింది. లోపల ఎడమ చెయ్యి గళ్లగుడ్డతో నడుముకి కట్టి ఉంది. ల్యూ మామ్మ అన్నమాట నిలబెట్టుకునే మనిషి. వాన తగ్గేదాకా వెళ్లకుండా గుమ్మం దగ్గరే చూరు కింద నిలబడి ఉంది కూడా.

న్యాన్ ముడి విప్పింది. గుడ్డ మడిచి బల్ల మీద పెట్టింది. పిల్ల నోటుపుస్తకం తెరిచి, ఎనిమిదో పెన్ను ఎడమ చేత్తో తీసుకుని, పేజీ పైన ఆ రోజు వరస రాయడం మొదలుపెట్టింది. ముందు బల్లల వాళ్లు లేచి చూశారు. తర్వాత గది ఎగిరిపోయింది.

"టీచర్, గీత దాటిపోయింది!"

"టోపీ పక్కన పడింది టీచర్!"

"టీచర్‌కి రాయడం రాదోయ్!"

"రాదు," అంది న్యాన్. "ఈ చేతికి రాదు. ఇవాళే బళ్లో చేరింది."

మియెన్ ఆమె ముఖంలోకి చూస్తోంది. మెల్లగా చెవి దగ్గరికి వచ్చి, "నాలిక లోపల పెట్టుకోండి టీచర్. మామ్మ చూస్తే తిడతది," అంది.

అప్పుడు గానీ న్యాన్‌కి తెలియలేదు, తన నాలుక కొస కూడా బయటే ఉందని.

మామ్మ చూడనే చూసింది. నీళ్లు కార్చుకుంటూ బల్లల మధ్యలోంచి వచ్చి పేజీ మీదికి వంగింది.

"ఇదేం రాత టీచరమ్మా? ముప్పై ఏళ్లు పిల్లలకి చెప్పినదానివి!"

"ఆరేళ్ల రాత మామ్మా. నాకు ఆరేళ్లప్పుడు మా పిన్ని చొక్కా చెయ్యి కుట్టేసింది. నా మంచికే కుట్టింది, మీలాగే. కుడి చెయ్యి బాగుపడింది, కాదనను. ఇదిగో, ఇది మాత్రం" ఆమె ఎడమ చెయ్యి ఎత్తి చూపించింది, గోళ్ల సందుల్లో దాకా ఊదా, "అప్పటినుంచి ఒక్క పూట కుదురుగా కూర్చోలేదు. పని వెతుక్కుంటూనే ఉంది. దానికి పని చెప్పలేక చస్తున్నాను. మియెన్‌కి ఆ బాధ వద్దు మామ్మా. మీకు దణ్ణం పెడతాను. ఈ ముడి మళ్లీ వెయ్యకండి."

టీచరు దణ్ణం పెడతాననేసరికి ల్యూ మామ్మ ఒకడుగు వెనక్కి వేసింది. అది ఆ పేటలో అంతకుముందు ఎవరూ చూడని వింత. న్యాన్ పెన్ను మియెన్‌కి ఇచ్చి, పుస్తకం కుడివైపుకి వంచి పెట్టింది. పిల్ల రాసింది. పాళీ జారింది. గుచ్చుకోలేదు, చిమ్మలేదు. టీచరు రాసిన వంకర వరస కింద పిల్ల వరస తిన్నగా నిలబడింది.

మామ్మ చాలాసేపు చూసింది. తర్వాత బల్ల మీద గళ్లగుడ్డ తీసుకుంది. న్యాన్ తన చెయ్యి అడ్డం పెట్టబోయింది. ఆవిడ దాన్ని నాలుగు మడతలు పెట్టి, మనవరాలి మణికట్టు కిందికి తోసింది.

"చెమటకి కాగితం ముద్దయిపోతంది, చూసుకోవద్దా?" అని కసిరింది. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. "అన్నం మాత్రం కుడి చేత్తోనే! ముందే చెప్తున్నా!"

"అది మీ ఇష్టం మామ్మా," అంది న్యాన్. అన్నీ ఒక్కరోజే గెలవాలని ఆమెకీ లేదు.

ఆ తర్వాత ఆదివారం కియెం పొద్దున్నే లేచి వంటింట్లోకి వచ్చాడు. ఊదా తొట్టి పొడిగా ఉంది. తలంటు పోసుకున్న పెన్నులు గుడ్డ మీద విప్పి ఆరబెట్టి ఉన్నాయి. గ్లాసులో రెండే ఉన్నాయి.

"ఏమైందే? మిగతావి చచ్చిపోయాయా?"

"కడిగి ఆరబెట్టాను. పెట్టెలో పెట్టేస్తాను. ఎర్రవీ నీలందీ బడిలోనే ఉంచాను. ఎనిమిదోది మియెన్ దగ్గరుంది."

"మరి సాయంత్రం పుస్తకాలు? మధ్యలో ఇంకైపోతే లయ తప్పుతుందన్నావు?"

"తప్పనీ. లేచి నింపుకుంటాను."

ఆయన గ్లాసు ఎత్తి చూశాడు. ఒక పాళీ పాతదే. ఇంకొకటి కొత్తగా, మూలలు గుండ్రంగా అరగదీసి ఉంది. "నేనెప్పుడూ ఒకటి చాలనే అన్నాను. పోనీలే, ఎనిమిదిలో రెండు మిగిలాయి. రెండెందుకో అది చెప్పు."

"దీనికొకటి, దానికొకటి," అంది న్యాన్ రెండు చేతులూ చూపించి.

కియెం టీ పోసి ఆమె ముందు పెట్టాడు. బయట వాన పడుతూనే ఉంది. ఆమె కుడి చేత్తో కప్పు అందుకుంది. ఎడమ చెయ్యి బల్ల మీద ఊరికే ఉంది. దరువెయ్యలేదు, దేన్నీ తిప్పలేదు. ఆయన దాని వైపే చూస్తూ, అదెక్కడ కదులుతుందోనని, టీ కూజా చప్పుడు కాకుండా కింద పెట్టాడు.